గుండ్రటి బిళ్ళ

దక్షిణ కరొలైనాలో ఒక పత్తి తోట. అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య జరిగిన యుద్ధం ముగిసి ఇరవై నాలుగేళ్ళయింది. అక్టోబరు శనివారం, పొద్దున పది గంటల వేళ. తోట యజమాని, చర్చి సంఘపెద్ద అయిన కెప్టెన్ హ్యూ గిలస్పీ తన మంచం మీదే కోడి కూసే వేళకు కన్నుమూశాడు. మంచానికి ఈ పక్క ఒళ్ళో ఆరు నెలల బిడ్డ, చేతిలో కాగితాలతో కోడలు లవీనియా. ఆ పక్క వేణ్ణీళ్ళ గిన్నెతో వంటామె కెజాయా, ఒకప్పుడు ఆయన బానిసగా కొన్న మనిషి.

"... 'నలభై మంది పనివాళ్ళను కన్నతండ్రిలా చూసుకున్నారు.' బావుందా అవ్వా?"

"బావుంది చిన్నదొరసానీ. ఆ గుడ్డ ఇటివ్వండి."

"ఊరికే బావుందనకు. రేపు చర్చిలో అందరి ముందూ పాదిరీ అయ్యగారు చదువుతారు దీన్ని. నాకసలే నాలుగో వాచకంతో చదువు ఆగిపోయింది. మా ఆయనేమో 'నీ దస్తూరీ గుండ్రంగా ఉంటుంది, మా నాన్న జీవితం నువ్వే రాయి' అనేసి శవపెట్టె కోసం టౌనుకి పోయాడు. తప్పుంటే చెప్పు."

"తప్పుందో లేదో నాకేం తెలుసు? నా కన్నతండ్రిని నేను చూళ్ళేదు. నేను పుట్టకముందే అమ్మేశారు. తండ్రి ఎలా చూస్తాడో తెలిస్తే కదా చెప్పడానికి."

"అవ్వా! శవం ముందు కూడానా?"

"శవం ముందు కాకపోతే ఇంకెప్పుడు. బతికుండగా అనలేదుగా. చదవండి, చదవండి."

"'యుద్ధం రాగానే సొంత ఖర్చుతో గుర్రం, యూనిఫాం సమకూర్చుకుని సైన్యంలో చేరారు. నాలుగు పోరాటాల్లో పాల్గొన్నారు. కాలికి తూటా తగిలినా...'"

"ఆయన వెంట ఎవరు పోయారో రాశారా?"

"ఎవరు?"

"ఎవరేంటి దొరసానీ. ఆయన బూట్లు తుడవడానికి, అన్నం వండటానికి, గుర్రాన్ని చూడటానికి ఒకడు పోయాడుగా. నా కొడుకు. జూబల్."

"అవ్వా, నీకు బాధగా ఉంటుందని నేనే రాయలేదు. వాడి పేరు ఇందులో ఎందుకు చెప్పు? మావయ్యగారి గుర్రాన్ని దొంగిలించి ఉత్తరాది యాంకీల దగ్గరికి పారిపోయినవాడు..."

"పేరొక్కటే. పక్కన ఇంకేం వద్దు. 'వెంట జూబల్ వెళ్ళాడు.' రెండు మాటలు. కాగితం నిండిపోదుగా?"

"నేను రాసినా అయ్యగారు కొట్టేస్తారు. చర్చి పుస్తకంలో వాడి పేరు మీద గీత గీశారట కదా. వెలివేసినవాడి పేరు చర్చిలో పలకకూడదు."

"గీశారు. 'పారిపోయినవాడు, దొంగ, సంఘంలోంచి తీసేయడమైనది. సాక్షి, కెప్టెన్ గిలస్పీ.' నాకు చదువు రాదు గానీ అది ఒక్క అక్షరం పోకుండా వచ్చు. పైన మా బానిసల గ్యాలరీలో కూర్చుని విన్నా."

"మీవాళ్ళందరూ ఆ గ్యాలరీ వదిలేసి ఏటి అవతల సొంత చర్చి కట్టుకున్నారు. నువ్వొక్కదానివే ఎందుకు ఉండిపోయావు అవ్వా? ఆదివారం తల పైకెత్తితే నాకు దిగులేస్తుంది, అన్ని ఖాళీ బెంచీల మధ్య నీ తెల్ల తలగుడ్డ ఒక్కటి."

"గీత ఇక్కడ గీశారు. చెరిపేది కూడా ఇక్కడే కదా. అవతల కూర్చుని పాటలు పాడితే ఇక్కడి గీత పోతుందా? ... చెయ్యి కింద దిండు పెట్టండి. ఆ. చదవండి."

"'యుద్ధం నుంచి వచ్చాక మళ్ళీ తుపాకి ముట్టలేదు. ఇంట్లో తుపాకి ఉండనివ్వలేదు. శాంత స్వభావులు.' ఇది నేనే కలిపాను. బావుంది కదా? తర్వాత చర్చి సంగతి. 'ఇరవై నాలుగేళ్ళు సంఘపెద్దగా ఉన్నారు. చర్చికి పైకప్పు వేయించారు. ప్రభువు బల్లకు, రొట్టె విరిచే ఆరాధనకు, ఒక్కసారీ గైర్హాజరు కాలేదు.'"

"నిజమే. వచ్చేవాడు. కూర్చునేవాడు."

"మరి?"

"మరేం లేదు."

"నువ్వేదో మింగేశావు."

"ఈ ఇంట్లో నేను వండిందే గాని మింగింది తక్కువ."

"చెప్పవూ!"

"ఆయన బల్ల దగ్గర రొట్టె తినడం మీరు చూశారా?"

"చూడకేం. పెళ్ళయ్యి రెండేళ్ళు. నాలుగుసార్లు బల్ల జరిగింది. పళ్ళెం ఆయన దగ్గరికి వచ్చేది, ఆయనేమో పక్కాయనకి అందించేవారు... పెద్ద కదా, చివర్న తింటారేమో అనుకున్నా."

"పైనుంచి అందరి తలలూ కనబడతాయి దొరసానీ. ఇరవై నాలుగేళ్ళు చూశా. చివర్న తినలేదు. మొదట్లోనూ తినలేదు."

"అదేంటి? బల్లకు ముందు శనివారం బిళ్ళలు పంచేదే ఆయన! ఎవరు రేపు కూర్చోవచ్చో, ఎవరు కూడదో తేల్చేదీ ఆయనే. బిళ్ళ లేనివాడికి రొట్టె లేదు. పోయిన ఏడు మెకానెల్ ఇంటాయన తాగి తగువాడాడని బిళ్ళ ఇవ్వలేదు, ఎంత ఏడ్చాడు ఆయన!"

"అందరికీ ఇచ్చేవాడు. సంచి దులిపి, మూతి కట్టేసేవాడు. తనకొకటి తీసుకునేవాడు కాదు."

"... ఇవాళ బిళ్ళల రోజే కదూ. నాకు గుర్తే లేదు. ఇదిగో అవ్వా! మళ్ళీ! వీణ్ణి చూడు, చూడు!"

"ఏమైంది?"

"గుమ్మం వైపు. పొద్దుట్నుంచీ ఇంతే. ఇటు తిప్పుతా, అటు తిరుగుతాడు. అక్కడ ఏముందని? పాలు కూడా సరిగ్గా తాగట్లేదు."

"పసిబిడ్డలు వెలుగు వైపు చూస్తారు."

"మావయ్యగారు కూడా వెలుగు వైపు చూశారా? వారం రోజులూ ఆ గుమ్మం వైపే. 'లోపలికి రా. గుమ్మంలో నిలబడకు. తడిసిపోతున్నావు' అని. తడవడమేంటి అవ్వా? బయట చినుకు లేదు. ఎండలో పత్తి తీస్తున్నారు జనం. రేపు వీడికి బాప్తిస్మం. తాత పేరే పెడుతున్నాం, హ్యూ అని. పేరుతో పాటు అది కూడా వీడికి అంటుకుంటే?"

"ఏది?"

"అదే. ఆ గుమ్మంలో... నాతో చెప్పించకు. అవ్వా, మీవాళ్ళు ఏదో చేస్తారటగా. బిడ్డని శవం మీదుగా దాటిస్తారట?"

"దాటిస్తారు. సముద్రం పక్క మా అమ్మ చేసేది. ఈ పక్కనుంచి ఒకరు అందిస్తే ఆ పక్కనుంచి ఒకరు అందుకోవాలి. మూడుసార్లు. ఇక పోయినవాడు బిడ్డ జోలికి రాడు."

"చేద్దాం. ఇప్పుడే. మా ఆయన రాకముందే. అయ్యగారు చూస్తే అన్యుల ఆచారం అని గొడవ చేస్తారు. పట్టుకో."

"చేద్దాం. చెయ్యి సంగతి చూసి."

"ఏ చెయ్యి?"

"పోయినవాడి చేతులు ఖాళీగా ఉండాలి. ఆయన కుడిచెయ్యి చూడండి. పిడికిలి."

"అవును... నేను గమనించనే లేదు. నువ్వు విప్పు అవ్వా."

"నా వేళ్ళు చూడండి ఎలా ఉన్నాయో. యాభై ఏళ్ళు బట్టలుతికిన వేళ్ళు. చెంచా పట్టుకోవడమే కష్టంగా ఉంది. మీరే విప్పాలి."

"నేనా? నాకు భయం."

"బిడ్డని ఇటివ్వండి. వేణ్ణీళ్ళు పోస్తాను చేతి మీద. మెల్లిగా, చిటికెన వేలు నుంచి."

"అమ్మో, చల్లగా... రాదు అవ్వా. కొయ్యలా ఉంది."

"వస్తుంది. ఇంకొంచెం నీళ్ళు. తిప్పండి. విరగదు, భయపడకండి."

"దేవా, దేవా... ఒకటి వచ్చింది. రెండు... లోపల ఏదో ఉంది. గట్టిగా. బొత్తామా? ... అవ్వా! బిళ్ళ! బల్ల బిళ్ళ!"

"బిళ్ళా?"

"చూడు, సీసం! అయ్యో మావయ్యగారూ! ఇన్నాళ్ళూ తినలేదు, చివరికి బిళ్ళ చేత్తో పట్టుకుని పోయారు. తనే తనకు ఇచ్చుకున్నారు! ఆగు, రాస్తాను. 'ప్రభువు బల్ల బిళ్ళను పిడికిట పట్టుకుని నిద్రించారు.' అందరూ ఏడుస్తారు ఇది వింటే."

"రాయండి. ఏ ఆకారమో కూడా రాయండి."

"గుండ్రం... గుండ్రమేంటి? మన బిళ్ళలు నాలుగు మూలలు కదా."

"కింద కూర్చునేవాళ్ళవి నాలుగు మూలలు."

"మరి గుండ్రటివి?"

"పైన కూర్చునేవాళ్ళవి. మావి."

"మావయ్యగారికి మీ బిళ్ళ ఎందుకు? ... దీనికో చిల్లుంది. చూడు."

"నేను చూడను. మీరే చూసి చెప్పండి. చిల్లు మధ్యలో ఉందా, వంకరగా ఉందా?"

"వంకరగా. బిళ్ళ మీద చెక్కిన అక్షరంలోకి జారినట్టు."

"జారింది. పొయ్యిలో కాల్చిన మేకు. వాడు 'అమ్మా తొందరగా, దొర పిలుస్తున్నాడు' అన్నాడు, నా చెయ్యి వణికింది."

"... ఎవరు?"

"మీకు తెలుసు ఎవరో."

"చెప్పు అవ్వా."

"ఆ రోజూ శనివారమే. వాడికి పదిహేడేళ్ళు. మొదటిసారి బిళ్ళ ఇచ్చారు. మర్నాడు బల్ల. ఆ సాయంత్రమే దొరకి పిలుపొచ్చింది. 'ఒక్క పూట ఆగండి దొరా, పిల్లాడు రొట్టె తిని వస్తాడు' అని కాళ్ళు పట్టుకున్నా. 'యుద్ధం ఆగదు కెజాయా' అన్నాడు. బిళ్ళ బల్ల మీద వెయ్యకుండా పట్టుకుపోవడం తప్పని వాడు ఏడుపు. నేనే చిల్లు పొడిచి, తాడు కట్టి మెడలో వేశా. 'తిరిగొచ్చి బల్ల మీద వేద్దువుగాని' అన్నా."

"మెడలో వేశావా?"

"మెడలో."

"పారిపోయినవాడి మెడలో బిళ్ళ మావయ్యగారి చేతికి..."

"చెప్పండి."

"... పారిపోలేదా అవ్వా?"

"కూర్చోండి దొరసానీ. ఆ కుర్చీ లాక్కోండి. బిళ్ళ మీ దగ్గరే ఉంచుకోండి, నాకివ్వకండి. మంగళవారం మధ్యాహ్నం మీరు బిడ్డతో పడుకున్నారు చూడండి, నేను గంజి పట్టుకొచ్చాను. ఆయన గంజి వద్దన్నాడు. తలుపు వేయమన్నాడు. ఇరవై నాలుగేళ్ళలో ఈ గదికి తలుపు వేయమనడం అదే మొదటిసారి."

"ఏమన్నారు?"

"యుద్ధం అయిపోయిందట. లొంగిపోయారట. ఆయన కాలికి తూటా. జూబల్ ఆయన్ని కంచరగాడిద మీద ఎక్కించి పదిరోజులు నడిపించుకొచ్చాడు. దారిలో ఒక వాగు, పెద్ద వాన. ఎవరిదో పశువులకొట్టం. ఆయన లోపల గడ్డి మీద పడుకున్నాడు. వీడు గుమ్మంలో నిలబడ్డాడు."

"గుమ్మంలో."

"ఊఁ. వానలో. 'దొరా, దారిలో అందరూ అంటున్నారు, మేమిక ఎవరి సొత్తూ కాదట. గాడిద నీకు వదిలేస్తున్నా, కాలు బాగయ్యాక మెల్లిగా రా. నేను నడిచిపోతా. మా అమ్మకి చెప్పాలి' అన్నాడట."

"ఏం చెప్పాలి?"

"విడుదల వచ్చిందని. నాకింకా తెలీదు కదా తల్లీ. ఆ రోజు కూడా నేను ఈయన పత్తి చేలో గొప్పు తవ్వుతున్నా."

"అప్పుడు మావయ్యగారు..."

"'లోపలికి రా' అన్నాడట. వాడు రాలేదు. 'లోపలికి రా, తడిసిపోతున్నావు' అన్నాడట మళ్ళీ. వాడు నవ్వి వెనక్కి తిరిగాడు. ఈయన పక్కన తుపాకి ఉంది."

"వద్దు. చాలు."

"ఎటు తిరిగాడో అడగరేం? ఉత్తరం వైపు కాదు. యాంకీలు ఉన్న వైపు కాదు. ఇటు. ఇంటి వైపు. వాడు ఇంటికొస్తున్నాడు దొరసానీ."

"... బిళ్ళ సంగతి కూడా చెప్పారా?"

"చెప్పాల్సిందంతా చెప్పాడు."

"నువ్వేమన్నావు?"

"గంజి చల్లారిపోయింది. గిన్నె పట్టుకుని బయటికొచ్చా."

"ఎవరికీ చెప్పలేదే! నాలుగు రోజులు! మాకు వండి పెట్టావు, వీడికి స్నానం చేయించావు..."

"ఎవరికి చెప్పను? మీ ఆయనకా? 'జ్వరంలో పలవరింత' అనేవాడు. అయ్యగారికా? 'ముసలి వంటామె అల్లింది' అనేవాడు. అనడా?"

"అంటారు. ఇప్పుడైనా అంటారు."

"ఇప్పుడా? ఇప్పుడు పిడికిలి విప్పిందెవరు?"

"... నేను."

"నాకు ఎక్కువేం వద్దు. రేపు చదివే కాగితంలో వాడి పేరు ఉండాలి. పారిపోలేదు, దొంగ కాదు, ఇంటికొస్తూ పోయాడు అని ఉండాలి. పుస్తకంలో గీత పోవాలి. అంతే. మీరు రాస్తారా?"

"నా వల్ల కాదు అవ్వా. మా ఆయన చంపేస్తాడు నన్ను. రేపు బిడ్డకి ఈయన పేరు పెట్టాలి. తాత హంతకుడని రాసి ఆ పేరే నా కొడుకుకి ఎలా పెట్టను?"

"హంతకుడని రాయమన్నానా? నా కొడుకు పేరు రాయమన్నా."

"రెండూ ఒకటే కదా!"

"... ఒకటేనేమో. నేనేం చెయ్యను అందుకు."

"పూడ్చేద్దాం అవ్వా. దీన్ని మళ్ళీ ఆయన చేతిలో పెట్టి మూసేద్దాం. ఆయనతోనే పోతుంది. నీకు ఏం కావాలంటే అది ఇప్పిస్తా. ఏటి పక్క ఇల్లు..."

"మూసేయండి. చెయ్యి మూసేసి బిడ్డనెలా దాటిస్తారు?"

"బిడ్డని ఇటివ్వు ముందు."

"ఇదిగో, పట్టుకోండి మీ బిడ్డని. నవ్వుతున్నాడు."

"ఎటు చూసి నవ్వుతున్నాడు? అవ్వా, ఎటు?"

"గుమ్మం వైపు. నవ్వనివ్వండి. మా జూబల్‌కి పిల్లలంటే ప్రాణం. మీ ఆయన్ని భుజాన ఎక్కించుకుని ఈ తోటంతా తిప్పేవాడు. 'గుర్రం, గుర్రం' అని అరిచేవాడు మీ ఆయన. ఇప్పుడు గుర్తుండదులెండి."

"అలా అనకు! నా ప్రాణం పోతోంది ఇక్కడ!"

"పోదు. ఎవరి ప్రాణమూ అంత తేలిగ్గా పోదు. నాది పోయిందా? నీకు ఒక్క పొద్దు పిల్లాడు అటు చూస్తేనే ఇలా ఉంది కదా. నేను ఇరవై నాలుగేళ్ళు ఆ వైపే చూశా తల్లీ. నా గుడిసెకి గడియ పెట్టలేదు ఏ రోజూ. మొక్కజొన్న రొట్టె ఒకటి ఎక్కువ కాల్చి మూతపెట్టేదాన్ని. ఎక్కడో ఉత్తరాన పెళ్ళాం పిల్లలతో సుఖంగా ఉన్నాడనుకున్నా. తల్లికి ఒక్క ఉత్తరం ముక్క రాయించడానికి చేతులు రాలేదా అని తిట్టా. రోజూ తిట్టా. కోపం ఆగక ఒకసారి, వాడు చావనీ అన్నా. చచ్చినవాణ్ణి. ఇంటికొస్తూ చచ్చినవాణ్ణి. ఆ నోటితోనే రోజూ ఈయనకి 'గుడ్ మార్నింగ్ దొరా' అని చెప్పా."

"ఏడవకు అవ్వా."

"ఏడవట్లేదు. మంగళవారమే అయిపోయింది ఏడుపు. అదిగో, కుక్క మొరుగుతోంది. అయ్యగారి బండిలా ఉంది. రాస్తే రాయండి, లేదంటే ఆ కాగితం ఇలాగే ఇచ్చేయండి. నేను మళ్ళీ అడగను."

"... సిరాబుడ్డి ఇటు జరుపు."

"ఏం రాస్తారు?"

"చెప్పు నువ్వే. నాకు మాటలు రావట్లేదు."

"'యుద్ధంలో ఆయన వెంట కెజాయా కొడుకు జూబల్ వెళ్ళాడు.'"

"వెళ్ళాడు... ఆఁ."

"'అతను పారిపోలేదు. దేన్నీ దొంగిలించలేదు.'"

"దొంగిలించలేదు. మెల్లిగా చెప్పు, కలం ముంచుకోనీ."

"'ఇంటికి వస్తూ, కెప్టెన్ గిలస్పీ చేతిలో చనిపోయాడు.' అంతే. ఇంకేం కలపకండి. దేవుడి మాట కూడా వద్దు."

"'అతని బిళ్ళ ఇవాళ పొద్దున కెప్టెన్ గారి పిడికిట్లో నాకు దొరికింది.' ఇది నేను కలుపుతున్నా."

"మీ ఇష్టం దొరసానీ."

"అమ్మా లవీనియా! లోపలికి రావచ్చా? దేవుడు మిమ్మల్ని ఆదరించు గాక. పెద్దాయన ప్రశాంతంగా వెళ్ళారా?"

"రండి అయ్యగారూ. శవం ఉందని అద్దానికి దుప్పటి కప్పాం, చూసుకుని రండి. ఇదిగోండి కాగితం."

"అప్పుడే రాసేశావా! బంగారు తల్లివి. 'పత్తి తోట... నాలుగు పోరాటాలు... పైకప్పు వేయించారు...' బావుంది, చాలా బావుంది. 'యుద్ధంలో ఆయన వెంట...' ఏమిటిది?"

"చదవండి అయ్యగారూ. చివరిదాకా."

"... కెజాయా! ఇది నువ్వు చెప్పించావా?"

"నేను నీళ్ళు పోశాను అయ్యగారూ."

"నేను విప్పాను. నా చేతుల్తో, ఒక్కో వేలూ. ఆ నిమిషంలో నాకు అదేంటో కూడా తెలీదు. బైబిలు మీద చెయ్యేసి చెప్పమంటారా? తీసుకురండి, వేస్తాను."

"చూపించు. ... గుండ్రటిది. చిల్లుంది. దేవా! అమ్మా, నేనీ సంఘానికి వచ్చి పదకొండేళ్ళు. బిళ్ళలు సంచిలో వేసేటప్పుడు పెద్దాయన ప్రతిసారీ ఒకే మాట అనేవారు. 'గుండ్రటిది ఇంకొకటి రావాలి.' పోనివ్వండి, పాతది, ఎక్కడో పడిపోయి ఉంటుంది అనేవాణ్ణి. 'పడిపోలేదు' అనేవారు."

"చదువుతారా రేపు?"

"మీ ఆయన ఊరుకోడు తల్లీ. సగం ఊరు ఊరుకోదు. ఎవరైనా వచ్చి నోటితో చెప్పి ఉంటే, ఎవరు చెప్పినా సరే, ఈ కాగితం ఇక్కడే చించేసేవాణ్ణి."

"నోటితో ఎవరూ చెప్పలేదు. ఆయన చెయ్యే చెప్పింది."

"అదే కదా. చచ్చిన మనిషి పిడికిట్లో ఉన్నదాన్ని కాదనడానికి నేనెవర్ని? ... చదువుతాను. పుస్తకంలో ఆ గీత పక్కన కూడా రాస్తాను. బిళ్ళ ఇటివ్వు, సంచిలో వేస్తాను."

"సంచిలో వద్దండీ. అది కెజాయాది. రేపు తనే తెచ్చి బల్ల మీద వేస్తుంది."

"గ్యాలరీ దిగి? కిందికా?"

"కిందికే. నా పక్కన కూర్చుంటుంది."

"... నేను కాసేపు వరండాలో ఉంటానమ్మా. నాక్కొంచెం గాలి కావాలి."

"తలుపు దగ్గరికి వెయ్యి అవ్వా. తొందరగా. ఆయన మళ్ళీ వచ్చేస్తారు. చేతులు చాపు."

"ఇవ్వండి. తల కింద చెయ్యి పెట్టండి. ఆఁ. వచ్చేశాడు నా తండ్రి. ఒకటి."

"ఇటివ్వు."

"తీసుకోండి. రెండు."

"మావయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను, వీడి జోలికి రాకండి... మూడు. అయిపోయిందా?"

"అయిపోయింది."

"చూడు అవ్వా, కళ్ళు మూసుకుపోతున్నాయి వీడికి! పొద్దుట్నుంచీ రెప్ప వెయ్యనివాడు. గుమ్మం వైపు చూడనే లేదు. అక్కడ... అక్కడ ఏమైనా ఉందా ఇంకా?"

"ఏం లేదు. వెళ్ళిపోయాడు."

"నా గుండె ఇప్పుడు కుదురుకుంది. మా ఆయన వచ్చాక ఏమైతే అయింది. కానీ అవ్వా, ఎంత గట్టిగా పట్టుకున్నారో! నా వేళ్ళు ఇంకా నొప్పిగా ఉన్నాయి. పోయాక కూడా వదల్లేదంటే ఊరికే కాదు. మనకి దొరకాలని దేవుడే మూశాడు ఆ పిడికిలి."

"దేవుడు కాదు తల్లీ. మంగళవారం ఆయన ఆ బిళ్ళ నా చేతిలో పెట్టి క్షమించమన్నాడు. నేను దాన్ని జేబులో వేసుకుని బయటికొచ్చా. ఇవాళ కోడి కూసే వేళకి ఊపిరి ఆగినప్పుడు గదిలో నేనొక్కదాన్నే ఉన్నా చూడు, ఒంట్లో వేడి పోకముందే దాన్ని ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, అవి బిగుసుకునేదాకా నా రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నా."